అరవై నాలుగో పేజీ

వదిన పోయిన రోజు కుట్టుమిషను సూదిలో ఆమె ఎక్కించిన దారం అలాగే ఉండిపోయింది.

అంతకు ముందు ఆదివారం ఆమె ఆడపడుచును వెంటబెట్టుకుని సినిమాకి వెళ్ళింది. విరామంలో దీపాలు వెలగగానే గుండె మీద చెయ్యి ఆనించుకుని, "ఊపిరాడటం లేదే. ఇంటికి పోదాం. మిగతా సగం వచ్చే ఆదివారం చూద్దాంలే" అంది. సోమవారం మామూలుగానే పనిలోకి వచ్చింది. టీ వేళ ఆ చూసిన సగం గురించే, అందులో పెట్టె మోసుకుపోయే ఆవిడ గురించే గదంతటికీ చెప్పింది. బుధవారం సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పుతూ, "దారం తియ్యకండి, పొద్దున్నే వచ్చి అందుకుంటాను" అంది. గురువారం పొద్దున ఆమె నిద్ర లేవలేదు.

ఆ ప్రెస్సు బైండింగు గదిలో అందరికీ ఆమె వదినే. ఆమె భర్త చెల్లెలు అదే గదిలో కాగితాలు మడత పెడుతుంది కాబట్టి, ఆ పిల్ల అందరికీ ఆడపడుచు అయిపోయింది. పిల్ల అంటే ముప్పై నాలుగేళ్ళ మనిషి. జిగురు పూసే పెద్దావిడ జిగురు పిన్ని. కాగితం కోసే కత్తి మిషను మాత్రం ఓనరుగారిది. వేళ్ళు పోతాయన్న భయంతో ఆయన ఆ పని ఇంకొకరికి ఇవ్వడు.

మూడు రోజుల తర్వాత ఓనరు వచ్చి, "కుట్టు కూడా ఇక నువ్వే చూసుకోమ్మా" అన్నాడు ఆడపడుచుతో. ఆమె సూదిలో దారం తెంచలేదు. దాని కొసకు కొత్త ఉండ కొసను ముడివేసి, మెల్లగా లాగింది. ముడి సూదిరంధ్రం దగ్గర ఒక్క క్షణం ఆగి, దాటిపోయింది.

ప్రతి సోమవారం టీ వేళ వదిన చెప్పే సినిమా కబుర్లు మాత్రం ఎవరూ అందుకోలేదు. టీ గ్లాసులు వచ్చేవి, తాగేవాళ్ళు, గ్లాసులు వెళ్ళిపోయేవి.

*

ఏడు నెలల తర్వాత ఒక సోమవారం పొద్దున కొత్త పుస్తకం కాగితాలు గదిలోకి వచ్చాయి. ఐదు వందల ప్రతులు, ప్రతి పుస్తకానికీ ఆరు ఫారాలు. ఒక్కో ఫారం ఒక పెద్ద కాగితం. దాని మీద పదహారు పేజీలు, కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా అచ్చయి ఉంటాయి. మూడు మడతలు సరిగ్గా పడితే అన్నీ వాటి వాటి చోట్లకు వచ్చి కూర్చుంటాయి.

"ప్రూఫుల సారు పుస్తకం. శనివారం సభ పెట్టుకున్నారు. శుక్రవారం సాయంత్రానికి అట్టలతో సహా అయిపోవాలి" అని చెప్పి ఓనరు వెళ్ళాడు.

ప్రూఫుల సారు ఆ ప్రెస్సులోనే తప్పులు దిద్దే మనిషి. ఆయన గదికీ బైండింగు గదికీ మధ్య ఒక అద్దాల తలుపు. చెవి మీద ఎర్ర పెన్సిలు, ముక్కు చివర కళ్ళజోడు. వదిన ఉన్న రోజుల్లో సోమవారం టీ గ్లాసు పట్టుకుని ఆ తలుపు దగ్గర నిలబడేవాడు. ఏదో వారపత్రికలో సినిమాల మీద రాస్తాడని అందరికీ తెలుసు. ఆ పత్రిక మరో ప్రెస్సులో అచ్చవుతుంది. ఈ గదిలో దాని ముఖం చూసినవాళ్ళు లేరు.

ఆడపడుచు మడతలు మొదలుపెట్టింది. ఎడమచేత్తో అంచు లేపి, మూల మూలకు ఆనించి, కుడిచేతిలోని చెక్కముక్కతో మడత మీద ఒక్క గీటు. తిప్పి మళ్ళీ. మళ్ళీ తిప్పి ఇంకొకటి. మడతపెట్టేవాళ్ళు చదవరు. చదివితే చెయ్యి మందగిస్తుంది, రోజుకు పూర్తి కావాల్సినవి కావు. "మీరు చూడాల్సింది పేజీ అంకె, అంతే" అని ఓనరు కొత్తవాళ్ళకు మొదటి రోజే చెబుతాడు. ఈ పక్క అంకె ఆ పక్క అంకెతో కలిస్తే మడత సరైనట్టు. పన్నెండేళ్ళుగా ఆమె కళ్ళు అంకెల మీదే నడిచాయి.

నాలుగో ఫారం చివరి పేజీ అరవై నాలుగు. మడత పూర్తయ్యాక అదే పైకి తేలుతుంది. ఆ పేజీలో అంకె కింద మూడే మూడు వరసలు. మిగతాదంతా ఖాళీ. అంకె కోసం వెళ్ళిన చూపు ఆ వరసల మీదికి జారింది.

'పెట్టెలో ఏముందో నాకక్కర్లేదు. ఆవిడ దాన్ని మోస్తూ మోస్తూ మధ్యలో చెయ్యి మార్చుకుంటుందే, అది చాలు. బరువుంటేనే మనిషి చెయ్యి మారుస్తుంది.'

చెక్కముక్క మడత మధ్యలో ఆగిపోయింది.

"ఏమైందే? వేలు కోసుకుందా?" అంది పిన్ని, బ్రష్షు ఎత్తి పట్టుకుని.

"లేదు పిన్నీ."

ఆమె ఇంకో కాగితం తీసింది. అందులోనూ అవే మూడు వరసలు. ఇంకొకటి. మధ్యాహ్నానికి ఐదు వందల సార్లు ఆ మాటలు ఆమె చేతుల కిందనుంచి వెళ్ళాయి. అచ్చు మొదలెట్టేటప్పుడు సిరా మరీ ఎక్కువైపోయి పక్కన పడేసిన కాగితాలు కొన్ని మూలన ఉన్నాయి. ఇంట్లో అలమరలో పరుచుకోవడానికో, పొట్లాలు కట్టుకోవడానికో ఎవరైనా తీసుకెళ్ళొచ్చు. సాయంత్రం ఆమె ఆరు ఫారాలకూ ఆరు కాగితాలు ఏరుకుని, చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది.

*

ఆడపడుచు అన్నయ్య, అంటే వదిన భర్త, తాళాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే ఆయన కొట్టు. చెల్లెలు వచ్చేసరికి బల్లకు బిగించిన తాళంచెవిని ఆకురాయితో రాస్తున్నాడు.

"అన్నయ్యా, నీకొకటి చదివి వినిపిస్తాను. పని ఆపక్కర్లేదు."

"ఇప్పుడేం చదువే నీకు?" అన్నాడు గానీ వద్దనలేదు.

ఆమె కాగితం పరిచి, తలకిందులుగా ఉన్న పేజీల కోసం దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ చదివింది.

'నలభై మందిని కొట్టినవాడి చొక్కాకి ఒక్క గుండీ ఊడలేదు. ఆ దర్జీ ఎవరో కనుక్కోవాలి.'

ఆకురాయి చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

'ఆ ఇంట్లో రెండు గంటలసేపు వండుతూనే ఉన్నారు. ఒక్క గిన్నెకు మసి అంటలేదు. అవి తోమే మనిషిని చూపించి ఉంటే నేను ఇంకో టిక్కెట్టు కొని మళ్ళీ చూసేదాన్ని.' ఇక్కడ 'చూసేవాణ్ణి' అని అచ్చయింది. ఆమె 'దాన్ని' అనే చదివింది. 'కథ బాగానే కుట్టారు. మూడో ఫారం మాత్రం కుట్టడం మరిచిపోయారు. వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నది చూశాం, కలిసిపోయింది చూశాం, మధ్యలో ఎవరు ముందు మాట్లాడారో ఆ పేజీలే లేవు.'

అన్నయ్య నవ్వాడు. ఏడు నెలల తర్వాత ఆమె విన్న మొదటి నవ్వు అది. బొంగురుగా, అలవాటు తప్పినట్టు వచ్చింది.

"నాతో పోట్లాడినప్పుడు కూడా అదే అనేది. ఎవరు ముందు మాట్లాడారో గుర్తుపెట్టుకోవాలి, అసలు కథ అదే అని." ఆకురాయి పక్కన పెట్టాడు. "అచ్చేశారా దాని మాటలు? ఎవరేశారు? మాకు చెప్పనే లేదే. ఏదీ, తన పేరు దగ్గర చదువు."

"పేరు లేదు."

"లేకపోవడమేంటి? చివర్లో ఉంటుంది చూడు."

"అట్ట మీద ప్రూఫుల సారు పేరుంది, అన్నయ్యా."

ఆయన తాళంచెవిని పట్టు నుంచి విప్పి, వెలుతురుకు ఎత్తి పళ్ళు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని మళ్ళీ బిగించి, "ఆ పెట్టె సినిమా గురించి ఉందా?" అన్నాడు.

"ఉంది."

"సగమేగా చూశారు మీరు."

"సగమే ఉంది."

*

మంగళవారం టీ వచ్చాక ఆమె అద్దాల తలుపు దగ్గరకు వెళ్ళింది.

"సార్, ఒక మాట."

"చెప్పమ్మా. అంకెలేమైనా తప్పాయా?"

"అంకెలు సరిగ్గానే ఉన్నాయి సార్. మాటలే మా వదినవి."

ఆయన చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ వదిన రాసిందా?"

"చెప్పింది. ఇదిగో, ఈ బల్ల దగ్గర. మీరు ఇక్కడే నిలబడి విన్నారు."

"విన్నాను. అందరూ విన్నారు. టీ తాగుతూ ఎవరో ఏదో అంటారు. గాలికి పోయే మాటలు. వాటిని ఏరి, ఒక వరసలో పెట్టి, పేరాలు విడగొట్టి, కామాలు పెట్టింది నేను. రాయడమంటే అదేనమ్మా."

"కామాలు మీవే సార్. కాదన్ను."

పిన్ని కిసుక్కుమంది. సారు చెవులు కందాయి.

"సినిమా మీద అభిప్రాయం ఎవరైనా చెబుతారు. దానికి సొంతదారు ఉంటాడా?"

"లేకపోతే అట్ట మీద మీ పేరెందుకు సార్?"

"పొద్దున్నే నాతో వాదనేంటి? వెళ్ళి పని చూసుకో."

ఆమె కదల్లేదు. "ఒక్కటి చెప్పండి, వెళ్ళిపోతాను. అన్ని సినిమాలకూ చివరిదాకా రాశారు. ఆ పెట్టె సినిమాకి విరామం దగ్గరే ఆపేశారేం?"

"అది నా పద్ధతి. మిగతాది పాఠకుడికి వదిలేశాను."

"పాఠకుడికి వదిలేశారు సరే. ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడవసాగాడు. ఒక అద్దం తుడిచాడు, రెండోది తుడిచాడు, మళ్ళీ మొదటిదాని మీదికి వచ్చాడు.

"ఏముంటుంది... బట్టలు. పాత బట్టలు. జ్ఞాపకాలకు గుర్తన్నమాట."

పిన్ని చేతిలోని బ్రష్షు జిగురు గిన్నెలో మునిగిపోయింది. "బట్టలా! ఓరి నాయనో! రెండుసార్లు చూశాను సార్ నేను ఆ సినిమా. బట్టలంట బట్టలు! అందులో ఉన్నది—"

"పిన్నీ, చెప్పకు!" ఆడపడుచు గిర్రున తిరిగింది. "నేనింకా చూడలేదు."

గదంతా కడుపు పట్టుకుని నవ్వింది. ఆ చప్పుడుకు ఓనరు వచ్చాడు.

"ఏంటీ గోల?"

"మీ మడత మనుషులు చదవడం మొదలెట్టారండీ" అన్నాడు సారు. "మొన్న పోయినావిడ పేరు చెప్పి నా పుస్తకానికి అడ్డం పడుతున్నారు. ఆమె పేరుతో ఒక్క కాగితం ముక్క చూపించమనండి."

ఓనరు ఆమె వైపు తిరిగాడు. "అంకె చూడమన్నాను గదమ్మా."

"అంకె కిందే ఉన్నాయండి అక్షరాలు."

"చూడు. నువ్వు పని ఆపితే శనివారం సభేమీ ఆగదు. ఇంకో మనిషిని పెట్టి చేయిస్తాను. అర్థమైందా?"

"పని ఆపనండి. ఈ పుస్తకం ఇంకొకరి చేత కుట్టించొద్దు. నేనే కుడతాను."

ఓనరుకు అది లొంగుబాటులా వినిపించింది. సారుకీ అలాగే వినిపించింది. పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

*

బుధవారం పొద్దున సారు గదిలోంచి ఒక మూలుగు వినబడింది. ముందుమాటలో, సభకు రాబోతున్న పెద్దమనిషి ఇంటిపేరు తప్పు పడింది. జన్మంతా ఊళ్ళోవాళ్ళ తప్పులు ఏరిన మనిషికి తన పుస్తకం మొదటి పేజీలోనే దొరికింది. ఫారం మళ్ళీ అచ్చేయడానికి వ్యవధి లేదు. తప్పొప్పుల చీటీ ఒకటి వేసి ముందుమాట దగ్గర అంటించమని ఓనరును బతిమాలుకుని, నలుగురిని పిలవడానికి వెళ్ళిపోయాడు.

కంప్యూటరు దగ్గర కూర్చునే కంపోజింగు అక్క ఆ చీటీ తయారుచేస్తోంది. ఆడపడుచు వెళ్ళి ఆమె కుర్చీ వెనక నిలబడింది.

"అక్కా, ఒక పెద్ద కాగితంలో ఎన్ని చీటీలు పడతాయి?"

"ఎనిమిది. ఏం?"

"నాలుగు సారువి వెయ్యి. నాలుగు నేను చెప్పినవి వెయ్యి."

అక్క కుర్చీ తిప్పి ఆమె ముఖంలోకి చూసింది. "ఎవరు వెయ్యమన్నారు?"

"నేను."

"నీ ఉద్యోగం పోతుందే."

"మాటలు పోవు."

అక్క మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగి వేళ్ళు మీటల మీద పెట్టింది. "చెప్పు. తొందరపడకు. తప్పులు రాకూడదు."

ఆడపడుచు రాత్రంతా మనసులో దిద్దుకున్న వాక్యాలు చెప్పింది.

'తప్పు: ఈ పుస్తకంలోని అభిప్రాయాలు అట్ట మీద పేరున్న వారివి. ఒప్పు: ఇదే ప్రెస్సులో పద్నాలుగేళ్ళు పుస్తకాలు కుట్టిన మనిషివి. సోమవారాలు టీ వేళ చెప్పేది. మేము విన్నాము.'

దాని కింద వదిన పేరు, ఇంటిపేరుతో సహా. ఆ కింద విన్నవాళ్ళుగా తన పేరు, పిన్ని పేరు. అక్క ఒక్క క్షణం ఆగి, అడక్కుండానే ఇంకో పేరు కొట్టింది.

"నేనూ విన్నాను" అంది. "ఆ గుండీల మాటకు టీ ముక్కులోకి వెళ్ళింది నాకు."

అచ్చయి వచ్చిన నూట పాతిక కాగితాలు కత్తి మిషను దగ్గరకు చేరాయి. ఆ ప్రెస్సులో ఏ ముక్కా ఓనరు చేతి కింద నుంచి వెళ్ళకుండా చీటీ కాలేదు. ఆ సంగతి ఆడపడుచుకు మొదటినుంచీ తెలుసు. దాచే దారి లేదు. దాచాలని ఆమె అనుకోనూ లేదు. కాగితాలు ఆమే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, పక్కన నిలబడింది.

ఆయన అంచులు తట్టి సమం చేశాడు. కొలత చూసుకోవడానికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. చదువుతున్నాడని ఆయన పెదవులను బట్టి తెలిసింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఇది ఆయన చూశాడా?"

"లేదండి. మీకే ముందు చూపిస్తున్నాను."

"నేను దీన్ని చెత్తబుట్టలో వేస్తే?"

"మీ ప్రెస్సు, మీ ఇష్టం. రేపు చేత్తో రాస్తాను. ఐదు వందలూ రాస్తాను."

ఆయన చేతులు మిషను పిడి మీద ఉన్నాయి. కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆయన కుట్టుమిషను వైపు చూశాడు. దాని పక్కన మడత పెట్టి ఉన్న గుడ్డ వైపు చూశాడు.

"గిన్నెల మాట చెప్పిన రోజు నేనూ ఉన్నాను" అన్నాడు. "ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. నేనే అన్నట్టు చెప్పాను."

ఆయన పిడి దించాడు. కత్తి కాగితాల్లోకి ఒకే ఊపున దిగింది. ఎనిమిది దొంతరలు విడిపోయాయి. నాలుగు ఒక పక్కకు, నాలుగు మరో పక్కకు తోశాడు.

"జిగురు పల్చగా కలపమను. చిక్కగా ఉంటే పేజీ ముడతపడుతుంది" అన్నాడు. వెళ్ళబోతూ ఆగాడు. "ఆయన గొడవ చేస్తే నీ ఉద్యోగం సంగతి నేను మాటివ్వలేను. సోమవారం మాట్లాడుకుందాం."

"అలాగేనండి."

*

మామూలుగా చీటీకి ఒక్క అంచునే సన్నగా జిగురు తాకిస్తారు, అక్కర్లేనివాళ్ళు లాగేసుకోవచ్చు. సారు చీటీలు పిన్ని అలాగే అంటించింది. రెండో రకానికి వచ్చేసరికి, "ఎలా అంటించనే?" అంది.

"వెనకంతా పుయ్యి పిన్నీ. అరవై నాలుగో పేజీలో, ఆ మూడు వరసల కింద ఖాళీలో. పై అంచు చివరి వరసకు ఆనాలి."

"వెనకంతా పూస్తే ఇక ఊడదు."

"ఊడకూడదు."

పిన్ని పూసింది, ఆడపడుచు అంటించి గుడ్డతో అద్దింది. మధ్యలో కంపోజింగు అక్క కూడా వచ్చి చేతులు కడుక్కుని కూర్చుంది. సాయంత్రానికి ఐదు వందలూ ఆరాయి. గురువారం ఆమె ఫారాలు వరసగా పేర్చి, మిషను ముందు కూర్చుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కుట్టింది. దారం ఒక్కసారీ తెగలేదు. శుక్రవారం అట్టలు ఎక్కాయి, అంచులు కోయడం అయింది.

నాలుగింటికి సారు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. దొంతర మీంచి ఒక ప్రతి తీసి, వాసన చూసి, అట్ట నిమిరాడు. ముందుమాట దగ్గర చీటీ చూసుకుని తల ఊపాడు. తర్వాత తనకు నచ్చిన చోటు కోసమేమో, పుస్తకాన్ని మధ్యలోకి తెరిచాడు.

గదిలో ఎవరూ తల ఎత్తలేదు. పిన్ని బ్రష్షు కడుగుతోంది. ఆడపడుచు మిషనుకు నూనె వేస్తోంది.

ఆయన చీటీ మూల గోటితో లేపాడు. గట్టిగా లాగాడు. చీటీ ఊడలేదు, పేజీ చిరిగి వచ్చింది. బరువు మాటా, చెయ్యి మార్చుకునే మాటా ఆ ముక్కతోపాటే ఆయన చేతిలోకి వచ్చేశాయి.

"ఓనరుగారూ!"

ఓనరు కత్తి మిషను దగ్గర నుంచి కదల్లేదు. "తప్పొప్పుల చీటీ వెయ్యమన్నది మీరే కదండీ. వేశాం."

సారు ఇంకో ప్రతి తెరిచాడు. ఇంకొకటి. తర్వాత ఆడపడుచు వైపు చూశాడు. "ఇవన్నీ పీకించు. ఇప్పుడే."

ఆమె నూనెడబ్బా మూత బిగించి లేచి నిలబడింది.

"మీరే పీకండి సార్. పీకితే ఆ పేజీ కూడా పోతుంది. అదే మీ పుస్తకంలో మంచి పేజీ."

పిలుపులు వెళ్ళిపోయాయి, పెద్దమనిషి వస్తున్నాడు, హాలుకు కుర్చీలు చేరిపోయాయి. చేతిలో చిరిగిన ముక్కను ఏంచెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. కట్టలు కట్టించుకున్నాడు. చివరి కట్ట బయటికి వెళ్ళాక గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి పిన్నిని అడిగాడు.

"రేపు సభలో ఎవరైనా అడిగితే... ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది?"

"చూసి తెలుసుకోండి సార్" అంది పిన్ని. "వినడం బాగా వచ్చు మీకు. ఇక చూడటం నేర్చుకోండి."

ఆయన వెళ్ళాక గదిలో కాసేపు ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. తర్వాత పిన్ని చేతులు తుడుచుకుంటూ, "మొన్న ఆదివారం నేనొకటి చూశానర్రా" అంది. ఇవాళ సోమవారం కాదని ఎవరూ అనలేదు. "పాటలు బాగున్నాయి. ఆ తండ్రి వేషం వేసినవాడు మాత్రం ఏడుస్తుంటే నాకు ఆకలేసింది."

అక్క పకపకా నవ్వింది. "అదేం ఏడుపు పిన్నీ?"

"ఏమో మరి. వదినైతే చెప్పేది ఎందుకో."

ఆడపడుచు మిషను మీద గుడ్డ కప్పింది. దారం సూదిలోనే ఉంచింది. నూనెడబ్బా పెట్టడానికి మిషను సొరుగు తెరిచింది. అందులో వదినతో వెళ్ళిన ఆ ఆదివారం నాటి రెండు టిక్కెట్టు ముక్కలు ఉన్నాయి. కంపోజింగు అక్క అవి చూసి, "ఆ సినిమా నా ఫోనులో పెట్టిస్తానే. ఒక్క గంట" అంది.

"తర్వాత చూస్తాను అక్కా" అని ఆమె సొరుగు మూసింది.

సోమవారం ఓనరుతో మాట్లాడాలి. అన్నయ్యకు ఒక ప్రతి తీసుకెళ్ళి పేరు ఉన్న చోట చదివి వినిపించాలి. ఆ సినిమా రెండో సగం ఆమె ఇంకా చూడలేదు.